సప్పుడు లేని టైట్ వాల్వు: వీ-స్ట్రామ్ 650లో షిమ్‌లు మార్చిన కేసు

బండి సుజుకి వీ-స్ట్రామ్ 650 ఎక్స్‌టీ. మీటర్ మీద 58,000 కిలోమీటర్లు దాటింది. ఓనరు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారమంతా బండి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంటుంది, సెలవు దొరికితే మాత్రం మూడు బాక్సులూ బిగించుకుని 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కుతుంది. లదాఖ్ కూడా వెళ్లొచ్చింది. చైను, టైర్లు, ఆయిల్ అన్నీ శ్రద్ధగా చూసుకున్న బండే.

కంప్లెయింటు ఇది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్కున స్టార్ట్ అవుతుంది. హైవే మీద గంటసేపు నడిపి, పెట్రోల్ బంకులో ఆపి, ఐదు నిమిషాలకు మళ్లీ సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరిగి తిరిగి అప్పుడు అందుకుంటుంది. వేడి మీద ట్రాఫిక్‌లో ఐడిల్ ఊగుతుంది, ఒక్కోసారి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. పికప్ తగ్గిందా అని అడిగితే ఖచ్చితంగా చెప్పలేకపోయాడు. రోజూ నడిపే మనిషికి మెల్లగా తగ్గే పికప్ తెలియదు.

ఫైల్లో పాత బిల్లులన్నీ ఉన్నాయి. ఈ ఇంజన్‌కు వాల్వ్ గ్యాప్, అంటే వాల్వుకూ దాన్ని తెరిచే భాగానికీ మధ్య వదిలే సన్నటి సందు, ప్రతి 24,000 కిలోమీటర్లకు చూడాలని సుజుకి షెడ్యూలు చెబుతుంది. అంటే ఈ పాటికి రెండుసార్లు చూసి ఉండాలి. ఒక బిల్లులో "వాల్వ్ చెక్ – ఓకే" అని రాసి ఉంది. ఎనిమిది వాల్వుల ఇంజన్‌కు ఎనిమిది అంకెలు రాయాల్సిన చోట ఒక్క "ఓకే". ఆ పని చేసింది ఎవరన్నది నాకు అనవసరం. కానీ అంకె లేని చెక్‌ను నేను చెక్ కింద లెక్కపెట్టను. 24,000 దగ్గర 0.24 మి.మీ. ఉండి 48,000 దగ్గర 0.21కి వచ్చిందని రాసుంటే, ఆ వాల్వు ఎటు పోతోందో ముందే తెలిసేది. ఈ కేసులో నేను చెప్పదలచుకున్న అసలు విషయం అదే, మిగతాది పని.

ఈ వాల్వ్ గ్యాప్‌నే షాపుల్లో టాపెట్ అంటాం. టాపెట్ పేరు ఎత్తగానే ఓనరు అడిగిన మొదటి ప్రశ్న: "అన్నా, టాపెట్ సప్పుడే లేదు కదా, మరి ఎందుకు ఓపెన్ చేయాలె?"

ఈ ప్రశ్న చాలామంది మెకానిక్‌లకూ ఉంటుంది. మనం స్ప్లెండర్లు, పల్సర్లు చేసి పెరిగినవాళ్లం. వాటిలో వాల్వును నొక్కే మీట, అంటే రాకర్, చివర స్క్రూ, లాక్ నట్టు ఉంటాయి. కాలం గడిచేకొద్దీ అరిగి గ్యాప్ పెరుగుతుంది, టకటక మంటుంది, స్క్రూ కొంచెం తిప్పి సెట్ చేస్తాం. అందుకే టాపెట్ అంటే చెవితో పట్టుకునే జబ్బు అనే అలవాటు పడిపోయింది. షిమ్-బకెట్ ఇంజన్‌లో కథ ఎక్కువగా తలకిందులు. కామ్ (వాల్వులను తెరిచే, ముక్కులున్న ఇరుసు) నేరుగా బకెట్‌ను (బోర్లించిన గిన్నెలాంటి ముక్క) నొక్కుతుంది, బకెట్ కింద గ్యాప్ సర్దే చిన్న బిళ్ల షిమ్, షిమ్ కింద వాల్వు. ఆయిల్ సరిగ్గా ఉంటే కామ్, బకెట్ దాదాపు అరగవు. అరిగేది వాల్వు, అది మూసుకున్నప్పుడు ఆనే సీటు కలిసే చోటు. 8,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు నిమిషానికి 4,000 సార్లు సీటు మీద కూర్చుంటుంది. కూర్చున్న ప్రతిసారీ కంటికి కనబడనంత లోపలికి దిగుతుంది. వాల్వు లోపలికి దిగితే దాని కాడ పైకి వస్తుంది, పైన ఉన్న గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే సప్పుడు పెరగదు, ఉన్నది కూడా పోతుంది. ఇంజన్ ఎంత స్మూత్‌గా ఉందో అని ఓనరు మురిసిపోయే రోజుల్లోనే లోపల ఎగ్జాస్ట్ వాల్వు కాలడం మొదలై ఉండొచ్చు.

ఎందుకు కాలుతుందో కూడా చెప్పాలి. ఎగ్జాస్ట్ వాల్వు తల మీద పడ్డ వేడిలో ఎక్కువ భాగం, వాల్వు మూసుకుని సీటుకు అంటుకున్న ఆ కాస్త సమయంలోనే హెడ్‌లోకి దిగుతుంది. వేడెక్కితే వాల్వు కాడ పొడుగవుతుంది. చల్లగా ఉన్నప్పుడు వదిలిన గ్యాప్ ఆ పొడుగుకోసమే. ఆ గ్యాప్ లేకపోతే వేడి మీద వాల్వు పూర్తిగా మూసుకోదు, సందులోంచి మండుతున్న గ్యాస్ దూసుకుపోతుంది, చల్లబడే దారీ మూసుకుపోతుంది. చల్లారాక మళ్లీ అంతా మామూలే. ఈ బండి పొద్దున బాగుండి మధ్యాహ్నం ఏడిపించడానికి నా అనుమానం ఇదే.

అనుమానం ఉందని వెంటనే హెడ్ కవర్ విప్పకూడదు. ఈ బండిలో ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. బ్యాటరీ లోడ్ టెస్ట్ బాగుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లో కాలేదు. థ్రాటిల్ బాడీలో కొంచెం మసి ఉంది, తుడిచాం, ఐడిల్‌లో పెద్ద తేడా రాలేదు. ఈ వీ-ట్విన్ (ముందొకటి, వెనకొకటి రెండు సిలిండర్లున్న) ఇంజన్‌కు ముందు సిలిండర్‌తో ఒక పాత తలనొప్పి ఉంది. ముందు చక్రం వెనకాలే ఉండటంతో ప్లగ్ గుంతలోకి బురద, నీళ్లు చేరతాయి. గుంత అడుగున నీళ్లు పోవడానికి సన్నటి రంధ్రం ఉంటుంది, అది మట్టితో పూడుకుపోతే వర్షంలోనో, వాటర్ వాష్ తర్వాతో మిస్‌ఫైర్ మొదలవుతుంది. ఈ రంధ్రం తెలియక కాయిళ్లు మార్చినవాళ్లను చూశాను. ఇక్కడ రంధ్రం సగం పూడుకుని ఉంది కానీ గుంత పొడిగానే ఉంది. సన్న తీగతో శుభ్రం చేసి వదిలేశాం.

తర్వాత లీక్‌డౌన్ టెస్ట్, అంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి అందులో ఎంత శాతం కారిపోతోందో చూడటం. ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపించి తెచ్చి, చేతులు కాల్చుకుంటూనే ప్లగ్‌లు విప్పి, ఒక్కో సిలిండర్‌ను కంప్రెషన్ టాప్ డెడ్ సెంటర్‌లో (వాల్వులన్నీ మూసుకుని పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటు) పెట్టి గాలి ఎక్కించాం. గాలి ఒత్తిడికి పిస్టన్ కిందికి జారకుండా గేరు వేసి బ్రేకు పట్టుకోవాలి. ముందు సిలిండర్‌లో 7 శాతం లీకు, వెనక దాంట్లో 19. వెనక సిలిండర్‌కు గాలి ఎక్కిస్తున్నప్పుడు సైలెన్సర్ దగ్గర చెవి పెడితే సన్నగా ఉస్స్ మని వినిపించింది. ఆయిల్ పోసే మూత దగ్గర అంతగా లేదు, థ్రాటిల్ బాడీ వైపు అసలు లేదు. అంటే రింగుల సమస్యా కాదు, ఇన్‌లెట్ వాల్వుదీ కాదు, ఎగ్జాస్ట్‌దే. రాత్రంతా చల్లారనిచ్చి మర్నాడు పొద్దున్నే అదే సిలిండర్ మళ్లీ చూస్తే 9 శాతం. వేడి మీద 19, చల్లగా 9. ఈ తేడానే నాకు ముఖ్యమైన ఆధారం. వాల్వు మొహం ఇప్పటికే కాలి గుంటలు పడి ఉంటే చల్లగా ఉన్నా లీకు అంతే ఉండేది. గ్యాప్ చాలక వేడి మీద మాత్రమే తెరుచుకుని ఉంటే చల్లారాక తగ్గుతుంది. హెడ్ దించే పని పడకపోవచ్చని ఓనరుకు అప్పుడే చెప్పాను. గ్యారంటీ మాత్రం ఇవ్వలేదు.

ఇక విప్పడం. ట్యాంకు, ఎయిర్ బాక్సు తీస్తే వెనక సిలిండర్ హెడ్ కవర్ బయటపడుతుంది. ముందు సిలిండర్ కోసం రేడియేటర్ బోల్టులు విప్పి ముందుకు జరపాలి. దీని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు, ఓపిక ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త. హెడ్ కవర్ బోల్టు ముట్టుకునే ముందే చుట్టుపక్కల మట్టి, ఎండుటాకులు, రాళ్లు గాలి కొట్టి శుభ్రం చేయాలి. కవర్ తీశాక కొట్టే గాలి మట్టిని లోపలికే తోస్తుంది.

గ్యాప్ కొలవడం చల్లటి ఇంజన్ మీదే. మే నెలలో మా రేకుల షెడ్డులో మధ్యాహ్నం ముట్టుకుంటే ఆపి ఉన్న ఇంజన్ కూడా కాలుతుంది, దాన్ని చల్లగా ఉందనలేం. అందుకే కొలతలు ఎప్పుడూ పొద్దున్నే, షట్టర్ ఎత్తగానే.

ఎడమ పక్క జనరేటర్ కవర్‌కు రెండు మూతలుంటాయి. ఒకదాంట్లోంచి సాకెట్ పెట్టి క్రాంక్‌ను (పిస్టన్లను కదిలించే ఇరుసు) తిప్పుతాం, ఇంకోదాంట్లోంచి రోటర్ మీది గుర్తులు చూస్తాం. ముందు సిలిండర్‌కు ఎఫ్, వెనక దానికి ఆర్. ఎడమ పక్కన నిలబడి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పాలి. గీత కలిసినంత మాత్రాన సరిపోదు. పిస్టన్ రెండు సార్లు పైకి వస్తుంది, ఒకసారి కంప్రెషన్‌లో, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. కామ్ ముక్కులు రెండూ ఒకదానికొకటి దూరంగా, బయటి వైపు తిరిగి ఉంటేనే అది కంప్రెషన్. ఇది చూడకుండా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఉక్కు బ్లేడుల సెట్) పెట్టి, గ్యాప్ అసలు లేదని కంగారుపడ్డ కుర్రాళ్లు ప్రతి షాపులోనూ దొరుకుతారు.

ఫీలర్ గేజ్ పట్టుకోవడం చేతి పని. వంపు ఉన్న బ్లేడులైతే సులువు. బ్లేడు మీదా, కామ్ మీదా ఉన్న ఆయిల్‌ను తుడవాలి. బిగుతుగా దూరింది, లూజుగా దూరింది అన్న మాటలు మనిషిని బట్టి మారతాయి. అందుకని నేను దూరేది, దూరనిది పద్ధతి వాడతాను. 0.20 దూరింది, 0.21 దూరలేదు అంటే గ్యాప్ 0.20. నేను కొలిచాక నా అంకెలు చెప్పకుండా మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడితో మళ్లీ కొలిపిస్తాను. ఇద్దరి మధ్య 0.01 తేడా వస్తే పట్టించుకోను. అంతకు మించితే ఇద్దరం కలిసి మూడోసారి చూస్తాం.

మాన్యువల్ ప్రకారం ఇన్‌లెట్ గ్యాప్ 0.10 నుంచి 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ గ్యాప్ 0.20 నుంచి 0.30 మి.మీ. మాకు వచ్చినవి ఇవి:

ముందు సిలిండర్: ఇన్‌లెట్ ఎడమ 0.13, కుడి 0.14. ఎగ్జాస్ట్ ఎడమ 0.20, కుడి 0.18.
వెనక సిలిండర్: ఇన్‌లెట్ ఎడమ 0.12, కుడి 0.10. ఎగ్జాస్ట్ ఎడమ 0.15, కుడి 0.04.

ఆ చివరి అంకె దగ్గర కుర్రాడు నా మొహం చూశాడు. 0.05 బ్లేడు దూరలేదు, సెట్‌లో అన్నిటికంటే పల్చనిది 0.04, అది తోస్తే దూరింది. ఉండాల్సిన కనీస గ్యాప్‌లో ఐదో వంతు. వేడెక్కితే ఇక్కడ మిగిలేది సున్నా. లీక్‌డౌన్‌లో విన్న సప్పుడుకు కారణం దొరికింది. ఇంకో విషయం కూడా గమనించాలి. ఎనిమిదింటిలో ఏదీ లూజు కాలేదు. ఇన్‌లెట్లు పరిధిలోనే ఉన్నా అన్నీ కింది సగంలోనే ఉన్నాయి, ఎగ్జాస్ట్‌లలో మూడు పరిధి దాటాయి, నాలుగోది అంచున నిలబడింది. అందరూ ఒకే దిక్కుకు నడుస్తున్నారు.

ఓనరుకు ఫోన్ చేసి అంకెలు చదివి వినిపించాను. "అంటే ఇంకెన్ని రోజులు నడిచేది అన్నా?" అన్నాడు. ఇంకో పెద్ద టూర్ వేసి ఉంటే వాల్వు మార్చాల్సి వచ్చేదని చెప్పాను. అప్పుడైతే హెడ్ దించాలి, సీటు కటింగ్, వాల్వు, ప్యాకింగ్ సెట్టు, ఖర్చు ఎన్నో రెట్లు. షిమ్‌లు ఈ పని మొత్తంలో చవకైన భాగం, ఖర్చంతా విప్పి బిగించే లేబర్‌దే.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. పరిధి దాటినవి మాత్రమే మార్చాలా, అంచున ఉన్నవి కూడా మార్చాలా? నా లెక్క ఇలా ఉంటుంది. ఏ కామ్ విప్పక తప్పదో, దాని కింద పరిధి దాటిన, అంచున ఉన్న వాల్వులన్నీ సరి చేస్తాను. విప్పాల్సిన అవసరం లేని కామ్ జోలికి పోను. ముందు ఇన్‌లెట్ 0.13, 0.14 బాగానే ఉన్నాయి, అది వదిలేశాం. వెనక ఇన్‌లెట్ కుడి వాల్వు సరిగ్గా 0.10. కాగితం మీద పాసే. కానీ ఇన్ని వేల కిలోమీటర్లు నడిచే బండికి అంచు మీద ఉన్నదాన్ని మూసి పంపడం నాకు నచ్చదు. పక్కనున్న 0.12ను వదిలేశాను. ఇన్‌లెట్లు ఇంత నెమ్మదిగా కదులుతుంటే దానికి తొందర లేదు.

కామ్ విప్పే ముందు టైమింగ్ చైను, స్ప్రాకెట్ మీద పెయింట్ పెన్నుతో గుర్తులు పెట్టి, ఫోటోలు తీసి, గుర్తుల మధ్య చైను పిన్నులు లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాం. పెయింట్ ఆయిల్‌కు చెరిగిపోతుంది, ఫోటో కోణం మోసం చేస్తుంది, పిన్నుల లెక్క మారదు. చైనును బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ బయటికి తీశాక క్రాంక్‌ను ముట్టుకోకూడదు. వదులైన చైను కింద పళ్లు జారితే టైమింగ్ పోతుంది, ఆ తర్వాత తిప్పితే పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. చైను కిందికి జారిపోకుండా తీగతో కట్టాం. కామ్ హోల్డర్ బోల్టులు ఒక్కోటి కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా వదులు చేయాలి. కింద వాల్వ్ స్ప్రింగులు తోస్తుంటాయి. ఒక చివర పూర్తిగా విప్పితే కామ్ వంకరగా లేచి హోల్డర్‌ను పగలగొడుతుంది. హోల్డర్ విడిగా దొరకడం కష్టం, హెడ్‌తో కలిపి మెషినింగ్ చేసిన భాగం అది.

చైను సొరంగంలో శుభ్రమైన గుడ్డ కుక్కిన తర్వాతే బకెట్లు తీయాలి. అయస్కాంతంతో బకెట్ లేపితే ఒక్కోసారి షిమ్ ఆయిల్ పట్టుకి బకెట్ అడుగునే అంటుకుని పైకి వస్తుంది, సగం దారిలో ఊడుతుంది. సొరంగంలో పడితే క్రాంక్ కేసులో వెతుక్కోవాలి. తీసిన బకెట్, షిమ్ దేని చోటు దానికే ఉండాలి. మా షాపులో దీనికి రెండు ఇడ్లీ ప్లేట్లు ఉన్నాయి, ఒక్కోదానికి నాలుగు గుంటలు, అంచున మార్కర్‌తో ముందు, వెనక, ఎడమ, కుడి అని రాసి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు, మర్నాటి నుంచి వాళ్లూ అదే వాడతారు.

షిమ్ అంటే చొక్కా గుండీ కంటే చిన్న గట్టి ఉక్కు బిళ్ల. దాని మీద నంబరు ఉంటుంది, 175 అంటే 1.75 మి.మీ. ఈ ఇంజన్‌కు సుజుకి 1.20 నుంచి 2.20 మి.మీ. దాకా, 0.05 తేడాతో 21 సైజులు ఇస్తుంది. నంబరు చదివి నమ్మేయకుండా ప్రతి షిమ్‌నూ మైక్రోమీటర్‌తో కొలవాలి. వెర్నియర్ కాలిపర్ ఈ పనికి చాలదు, మనం వెతికే తేడా కంటే దాని తప్పే పెద్దది. కొలిచే ముందు మైక్రోమీటర్ సున్నా చూపిస్తోందో లేదో చూసుకోవాలి. ఈ బండిలో వెనక ఎగ్జాస్ట్ ఎడమ షిమ్ మీద 180 అని ఉంది, మైక్రోమీటర్ 1.79 చూపించింది. మిగతావి నంబరుకు సరిపోయాయి.

లెక్క చిన్నదే. పాత షిమ్ మందానికి కొలిచిన గ్యాప్ కలిపి, కావలసిన గ్యాప్ తీసేస్తే కొత్త షిమ్ మందం వస్తుంది. తికమక పడేది దిశలోనే. గ్యాప్ తక్కువైతే పల్చటి షిమ్ పడాలి.

వెనక ఎగ్జాస్ట్ కుడి: 1.75 + 0.04 − 0.25 = 1.54. దొరికే దగ్గరి సైజు 1.55, గ్యాప్ 0.24 వస్తుంది.
వెనక ఎగ్జాస్ట్ ఎడమ: 1.79 + 0.15 − 0.25 = 1.69. కాబట్టి 1.70, గ్యాప్ 0.24.
ముందు ఎగ్జాస్ట్ ఎడమ: 1.75 + 0.20 − 0.25 = 1.70. సరిగ్గా 0.25.
ముందు ఎగ్జాస్ట్ కుడి: 1.70 + 0.18 − 0.25 = 1.63.

ఈ చివరిది ఆలోచించాల్సినది. 1.65 వేస్తే గ్యాప్ 0.23, 1.60 వేస్తే 0.28. రెండూ పరిధిలోవే, లెక్క ప్రకారం 1.65 దగ్గర. కానీ ఈ ఇంజన్‌లో అన్ని వాల్వులూ టైట్ వైపే వెళ్తున్నాయని అంకెలు చెబుతుంటే, దగ్గరి సైజు వేసి మధ్యలో కూర్చోబెట్టడం ఎందుకు? వెళ్లే దారి తెలిసినప్పుడు ఎదురు చివర నుంచి బయలుదేరనివ్వాలి. 1.60 ఎంచుకున్నాను. కొంచెం సప్పుడు వస్తుంది, రానివ్వండి.

వెనక ఇన్‌లెట్ కుడికి పాతది 1.80, గ్యాప్ 0.10. 1.75 వేస్తే 0.15. ఇందుకు కొత్తది కొనక్కర్లేదు. వెనక ఎగ్జాస్ట్ కుడి నుంచి తీసిన 1.75 చేతిలోనే ఉంది, గీతలు లేవు, మందం సరిగ్గా ఉంది. ముందు ఎగ్జాస్ట్ కుడి నుంచి వచ్చిన 1.70 పక్కనే ఉన్న ఎడమ వాల్వుకు సరిపోయింది. అలా ఐదు వాల్వులు సరిచేయడానికి కొనాల్సింది మూడే షిమ్‌లు: 1.55, 1.60, 1.70. మొదట ఎనిమిదీ కొలిచి, విప్పిన ఆరు షిమ్‌ల మందం రాసుకుని, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టడం ఇందుకే.

షిమ్‌లు స్థానికంగా స్టాకులో లేవు, తెప్పించాలి. అన్ని రోజులూ ఇంజన్ తెరిచి ఉంది, గుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టాం. ఇలా ఎదురుచూసే రోజుల్లోనే ఒక సలహా వస్తుంది, ఈసారి కూడా వచ్చింది. పక్క షాపు పెద్దాయన చూసి, "ఎందుకయ్యా ఆర్డర్లు, పాతదాన్నే ఎమరీ మీద రుద్దితే పావుగంట పని" అన్నాడు. ఆయన అనుభవాన్ని నేను గౌరవిస్తాను, ఈ సలహాను మాత్రం కాదు. షిమ్ రెండు మొహాలూ సమానంగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. చేత్తో రుద్దితే ఒక అంచు పల్చబడుతుంది. పైగా దాని బలమంతా గట్టిపరిచిన ఉక్కు మొహంలో ఉంది. వెనక ఎగ్జాస్ట్ కుడి వాల్వుకు తగ్గించాల్సింది 0.20 మి.మీ., అంత రుద్దితే మిగిలేది ఏమిటో ఎవరికీ తెలియదు. అది విరిగినా, అరిగినా నష్టపోయేది ఇంజన్.

బిగించేటప్పుడు షిమ్ మీద నంబరున్న వైపు పైకి, అంటే బకెట్ వైపు ఉండాలని సుజుకి చెబుతుంది. బకెట్‌లకు, కామ్ జర్నల్‌లకు ఆయిల్ పెట్టి, బకెట్ వేలితో తిప్పితే తేలిగ్గా తిరుగుతోందో లేదో చూడాలి. కామ్ హోల్డర్ బోల్టులకు టార్క్ 10 న్యూటన్ మీటర్లు. ఇది చాలా తక్కువ. పెద్ద పానా పట్టుకున్న అలవాటు చేతికి ఇది చాలదనిపిస్తుంది, ఇంకాస్త లాగితే అల్యూమినియంలో మరలు ఊడి వస్తాయి. చిన్న టార్క్ రెంచ్ లేకుండా ఈ పని ఒప్పుకోవద్దు. టెన్షనర్‌ను వెనక్కి నొక్కి లాక్ చేసి బిగించి, తర్వాత వదలాలి. వదిలాక చైను బిగిసిందో లేదో వేలితో చూడాలి.

పిన్నుల లెక్క, గుర్తులు మళ్లీ చూసుకుని, క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాం. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి, బలం పెట్టకూడదు. తగల్లేదు. గ్యాపులు కొలిస్తే అన్నీ లెక్క ప్రకారమే వచ్చాయి, ఒక్కటి తప్ప. వెనక ఎగ్జాస్ట్ కుడి 0.24 రావాల్సింది, 0.20 చూపించింది. ఇలాంటప్పుడు కంగారుపడి మళ్లీ విప్పొద్దు. షిమ్ కింద చిక్కటి ఆయిల్ పొర ఉంటే, లేదా షిమ్ తన గుంతలో పూర్తిగా కూర్చోకపోతే గ్యాప్ తక్కువ చూపిస్తుంది. ఇంకో పది చుట్లు తిప్పి కొలిస్తే 0.24. అప్పుడు మూశాం. తిప్పాక కూడా మారకపోతే మాత్రం విప్పాల్సిందే, షిమ్ వంకరగా కూర్చుని ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేయకూడదు.

హెడ్ కవర్ ప్యాకింగ్ గట్టిపడి ఉంటే కొత్తది వేయాలి, మేం వేశాం. అర్ధచంద్రాకారం మూలల్లో మాత్రం కొద్దిగా సీలెంట్. ఎక్కువ పూస్తే లోపలికి పిండుకుని ఆయిల్ దారిలో పడుతుంది.

స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా నడిపించి, మళ్లీ లీక్‌డౌన్ పెట్టాం. వెనక సిలిండర్ వేడి మీద 8 శాతం. 19 నుంచి 8కి. సైలెన్సర్ దగ్గర సప్పుడు లేదు. వాల్వు మొహం బతికిపోయింది, హెడ్ దించే పని తప్పింది. అదే 15, 16 దగ్గర ఆగిపోయి ఉంటే గ్యాప్ సరిచేసినా సీటు పాడైందని అర్థం, అప్పుడు హెడ్ దించక తప్పేది కాదు. వేడి మీద ఆపి సెల్ఫ్ కొడితే మొదటిసారికే అందుకుంది, ఐడిల్ 1,300 దగ్గర నిలబడింది.

బండి తీసుకెళ్లిన సాయంత్రమే ఓనరు ఫోన్. "అన్నా, బండి మస్తుగ నడుస్తుంది గానీ ఇంజన్ల టిక్ టిక్ అని సప్పుడొస్తుంది, ముందు లేకుండె." నవ్వొచ్చింది కానీ ఆయన భయం నిజమే. ముందు సిలిండర్‌లో 0.28 పెట్టిన వాల్వు అది, పొద్దున చల్లటి మీద వినిపిస్తుంది, వేడెక్కాక తగ్గుతుంది. ఆ సప్పుడు ఉన్నన్నాళ్లు నిశ్చింతగా నడపమన్నాను. కొన్నాళ్లకు అది తగ్గిపోతే మాత్రం తీసుకురమ్మన్నాను. ఈ మాట ఆయనకు ఎంతవరకు నచ్చిందో కానీ, బిల్లు వెనకాల ఎనిమిది గ్యాపులు, విప్పిన ఆరు వాల్వుల షిమ్ సైజులు, కిలోమీటర్లు రాసి ఇచ్చి, ఫైల్లో దాచమన్నప్పుడు మాత్రం ఫోటో కూడా తీసుకున్నాడు.

తర్వాతి చెక్‌కు షెడ్యూలు ప్రకారం 24,000 ఆగొచ్చు. కానీ ఒక వాల్వు మిగతావాటికంటే ఇంతగా దిగిపోయిందంటే దాన్ని మిగతావాటితో సమానంగా చూడకూడదు. 12,000కే రమ్మన్నాను, వెనక సిలిండర్ ఒక్కటి చూస్తే చాలు, రేడియేటర్ ముట్టుకునే పని లేదు. 70,000 దాటాక తెచ్చాడు. వెనక ఇన్‌లెట్లు కదల్లేదు, 0.12, 0.15. ఎగ్జాస్ట్ ఎడమ 0.23. ఎగ్జాస్ట్ కుడి 0.21.

అది 0.24 నుంచి 0.21కి వచ్చింది. అదే 12,000లో పక్క వాల్వు 0.01 దిగితే ఇది 0.03 దిగింది. పరిధిలోనే ఉంది, మూసేయొచ్చు. కానీ ఇదే వేగంతో పోతే ఇంకో 12,000కి 0.18. కాబట్టి కామ్ లేపి 1.50 షిమ్ వేశాం, గ్యాప్ 0.26కి వచ్చింది. చల్లగా, వేడిగా రెండుసార్లు లీక్‌డౌన్ పెడితే 8, 9 శాతమే, అంటే సీటు ఇంకా పట్టే ఉంది. 1.20 దాకా పల్చటి షిమ్‌లు దొరుకుతాయి గనక సర్దడానికి చోటుంది. 82,000 దగ్గర ఈ ఒక్క వాల్వు మళ్లీ చూడాలి. అప్పుడూ ఇదే వేగంతో దిగితే షిమ్‌లతో సర్దడం ఆపి, వెనక హెడ్ దించి ఆ సీటు చూద్దామని ఓనరుతో ఇప్పుడే మాట్లాడుకున్నాం.